మొదటి ముక్క

కమలాకుమారికి కావలసింది ఒక్కటే, నిద్ర. నగలూ వద్దు, పేరూ వద్దు, రోజూ ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేచే బతుకు ఉంటే చాలనుకునేది. అదేమంత పెద్ద కోరికా అని మీకనిపించవచ్చు. పంతొమ్మిదేళ్లు మూడు షిఫ్టుల్లో తిరిగితే తెలుస్తుంది.

పటాన్‌చెరు దగ్గరి ఒక మాత్రల ఫ్యాక్టరీలో ఆమెది ప్యాకింగ్ కాగితాల పని. ఏ డబ్బాలో ఎన్ని మాత్రలు పడ్డాయో, ఏ డబ్బా మీద ఏ తేదీ పడిందో చూసి రాయాలి. ఒక వారం పొద్దున ఆరింటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం రెండింటిది, ఒక వారం రాత్రి పదింటిది. ఈ గానుగలో తిరిగి తిరిగి ఆమె ఒంటికి పగలేదో రాత్రేదో తెలియడం మానేసింది. ఆకలి వేయాల్సిన వేళ నిద్ర వచ్చేది, నిద్ర పోవాల్సిన వేళ కళ్లు మండుతూ తెరిచే ఉండేవి. డాక్టరు బీపీ మాత్రలు రాసి, వేళకు నిద్రపోమ్మా అని సలహా ఇచ్చాడు. ఆ సలహా విని ఆమె ఏడవలేక నవ్వింది.

అలాంటి మనిషి నలభై ఏడో ఏట పోర్చుగీసు నేర్చుకోవడానికి కూర్చుందంటే సరదాకని అనుకునేరు. సరదా ఎవరికుంది చెప్పండి. ఫ్యాక్టరీ మాత్రలు రెండేళ్లుగా బ్రెజిల్ వెళ్తున్నాయి. డబ్బా మీది రాత, లోపలి కాగితం, అక్కడి నుంచి వచ్చే ఉత్తరాలు, ఫిర్యాదులు, అన్నీ పోర్చుగీసులోనే. ఇక లాభం లేదని ఆఫీసువాళ్లు ‘బ్రెజిల్ సీటు’ అని ఒకటి పెట్టాలనుకున్నారు. ఆ భాష వచ్చిన మనిషిని ఇక్కడి వాళ్లలోంచే తయారు చేయాలి. మనకు సాయంత్రం ఐదున్నరయితే అక్కడ పొద్దున తొమ్మిది. అందుకని ఆ సీటులోని మనిషి పదింటికి వచ్చి ఏడింటికి వెళ్తే సరిపోతుంది. షిఫ్టులుండవు అని నోటీసులో చివర రాశారు. కమలాకుమారి ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివి పేరు ఇచ్చేసింది.

క్యాంటీన్ పైగదిలో వారానికి మూడు రోజులు క్లాసు. చెప్పే అమ్మాయి కృష్ణప్రియ, భర్త ఉద్యోగం వల్ల నాలుగేళ్లు బ్రెజిల్‌లో ఉండి వచ్చింది. పదకొండు మందితో మొదలైన క్లాసులో మూడో నెలకు ముగ్గురు మిగిలారు. కమలాకుమారి ఒకరు. కొండాపూర్ వైపు పల్లె నుంచి వచ్చి మాత్రల మిషన్ నడిపే నర్సింహ రెండో మనిషి. హత్నూర నుంచి కంపెనీ బస్సులో వచ్చే ఇరవై నాలుగేళ్ల అంకిత మూడోది. అంకిత నోరు తిరిగినంత వేగంగా కమలాకుమారి చెయ్యి కూడా తిరగదు. నైట్ షిఫ్టు వారంలో అయితే ఆమె క్లాసులోనే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కునుకు తీసేది. కృష్ణప్రియ చూసీ చూడనట్టు పాఠం కాస్త మెల్లగా చెప్పేది. మంచి పిల్ల.

వ్యాకరణం పుస్తకంలో ఉంటుంది, మనుషులు ఎలా బతుకుతారో పుస్తకంలో ఉండదు అని కృష్ణప్రియ వాదన. అందుకని సగం క్లాసు ఆ కబుర్లతోనే గడిచేది. వాళ్లకు మధ్యాహ్నం అన్నం, గింజల కూర లేకపోతే భోజనం చేసినట్టే ఉండదట. రోజుకు రెండు మూడుసార్లు స్నానం చేస్తారట. అన్నం తిన్నాక ఆఫీసులోనే బ్రష్ తీసి పళ్లు తోముకుంటారట, దానికి నవ్వకూడదట. ఎవరి గడప తొక్కినా చిన్న కప్పులో కాఫీ ఇస్తారు, కాదనకూడదట. ‘ఎప్పుడైనా మా ఇంటికి రండి’ అంటే మాత్రం మర్యాదకు అన్నట్టేనట. ఏ రోజో, ఎన్నింటికో చెబితేనే నిజంగా పిలిచినట్టు.

“గిది మాకు నేర్పాల్నా మేడం?” అన్నాడు నర్సింహ. “మా సడ్డకుడు పదేండ్ల సంది నన్ను గట్లనే పిలుస్తున్నడు.”

పుట్టినరోజు పాఠం వచ్చిన రోజు కృష్ణప్రియ ఒక ప్రశ్న వేసింది. పుట్టినరోజు మనిషి కేకు కోసి మొదటి ముక్క ఎవరికి ఇస్తారు? నర్సింహ ఆలోచించకుండా జీఎం సార్‌కు అన్నాడు. అంకిత బల్ల మీద పడి నవ్వింది. జవాబు కమలాకుమారి చెప్పింది. ఆ గదిలో తనకు అందరికంటే దగ్గర అనుకున్న మనిషికి ఇస్తారు, ఎవరికిస్తారా అని అందరూ కాచుకుని చూస్తారు, అందుకున్నవాళ్లు దాన్ని అక్కడే తినాలి. అదంతా ఆమె పోర్చుగీసులోనే, తడుముకుంటూ అయినా, ఒక్క తప్పు లేకుండా చెప్పింది. కృష్ణప్రియ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు గుర్తు పెట్టుకోండి.

అక్కడి కంపెనీ తరఫున నాణ్యత చూసే పెద్దావిడ సెలియా నాలుగు రోజుల పనిమీద వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పొట్టి జుట్టు, మెడలో గొలుసుకు కట్టిన కళ్లద్దాలు, ఇంగ్లిషు నామమాత్రం. బ్రెజిల్ సీటులో ఎవరు కూర్చుంటారో వాళ్లతో రోజూ మాట్లాడాల్సింది ఆవిడే. కాబట్టి వెళ్లే ముందు ఆవిడ మాట కూడా విని సీటు ఎవరిదో చెబుతానన్నాడు జీఎం చంద్రకాంత్. నర్సింహ తనంతట తానే తప్పుకున్నాడు. నాలుగెకరాల పొలం ఉన్నోణ్ణి, పొద్దున పదింటికొచ్చి కుర్చీల కూసుంటే నా నడుం పడిపోతదన్నాడు. మిగిలింది ఇద్దరు. అంకిత, కమలాకుమారి.

సోమవారం సెలియా వెంట తిరిగే పని కమలాకుమారికి పడింది. ఆ వారం ఆమెది రెండింటి షిఫ్టు. సెలియా కోసం పొద్దున తొమ్మిదికే వచ్చి, ఆవిడను కారెక్కించాక మళ్లీ తన షిఫ్టు పని రాత్రి పది దాకా చేసేది. ఎవరూ అలా చేయమనలేదు. వద్దనీ అనలేదు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో సెలియా ముందు పనీర్ కూర, నాన్, గులాబ్‌జామ్ పెట్టారు. ఆవిడ చెంచాతో అటూ ఇటూ జరిపి ఊరుకుంది. కమలాకుమారి పక్క బల్ల దగ్గర తన డబ్బా విప్పింది. అన్నం, బొబ్బర్ల కూర. సెలియా ఆ డబ్బాలోకి తొంగి చూసింది. కమలాకుమారికి ఏం చేయాలో తోచక డబ్బా ఆవిడ వైపు జరిపింది. ఆవిడ మొహమాటం లేకుండా చెంచా పెట్టి తిన్నది. తర్వాత చెప్పింది, వాళ్లమ్మ బట్టల మిల్లులో పనిచేసేదట, ఇలాంటి డబ్బాలోనే ఇలాంటి గింజలే తెచ్చుకునేదట. డబ్బా అడుగున కాస్త మిగిలితే దాన్ని కూడా గీకి తిని, సంచిలోంచి బ్రష్ తీసి కుళాయి దగ్గరకు వెళ్లింది. గుడ్లప్పగించి చూస్తున్న ఆపరేటర్లను కమలాకుమారి కళ్లతోనే గదిమింది.

మంగళవారం నుంచి డబ్బాలో రెండు వంతుల కూర తెచ్చింది. దానికోసం నాలుగింటికే లేచింది. సెలియా ఆమెను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది, కమలా కమలా అని. మిషన్ల గురించి అడుగుతూ మధ్యలో ఆగి, నీ కళ్ల కింద ఈ నలుపేమిటి అని అడిగింది. కమలాకుమారి షిఫ్టుల సంగతి చెప్పింది. వాళ్లమ్మకూ అలాగే ఉండేదని సెలియా అన్నది. పంతొమ్మిదేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. అడగడానికి పరాయి భాష మనిషి రావాల్సి వచ్చింది.

బుధవారం సెలియా పుట్టినరోజు. పాస్‌పోర్టు కాపీలో తేదీ చూసి ఆఫీసువాళ్లు బేకరీ నుంచి కేకు తెప్పించారు. సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్‌లో అందరూ చేరారు. మన దగ్గర ఇలాంటివి ఎలా జరుగుతాయో తెలిసిందే కదా. కోసిన ముక్క ముందు పెద్దసారు నోట్లోకి పోతుంది, సారు తిరిగి ఒక ముక్క పెడతాడు, ఫోటో, ఎవడో వెనకనుంచి క్రీము ముఖానికి పూస్తాడు, అయిపోయింది. చంద్రకాంత్ సారు అప్పటికే చొక్కా సర్దుకుని సెలియా పక్కన నిలబడ్డాడు.

సెలియా కళ్లు మూసుకుని ఏదో కోరుకుంది. కత్తిని కేకు అడుగు నుంచి పైకి ఎత్తుతూ కోసింది, వాళ్ల పద్ధతి అది. ముక్కను పళ్లెంలో పెట్టింది, పక్కన కాగితం రుమాలు మడిచి పెట్టింది. అప్పుడు గది అంతా చూసింది. చంద్రకాంత్ చెయ్యి సగం లేచే ఉంది. ఆవిడ ఆయన్ను దాటి, మంచినీళ్ల క్యాన్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డ కమలాకుమారి దగ్గరకు వచ్చి రెండు చేతులతో పళ్లెం అందించింది.

కమలాకుమారికి అది ఏమిటో తెలుసు. ఆ గదిలో తెలిసినవాళ్లు నలుగురుంటే అందులో ఆమె మొదటిది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కళ్లు చెమర్చాయి. పళ్లెం అందుకుంది, ‘ఒబ్రిగాద’ అని థాంక్స్ చెప్పింది. చెప్పి, అదే ఊపులో రెండడుగులు వేసి, పళ్లెం తీసుకెళ్లి చంద్రకాంత్ చేతిలో పెట్టింది.

“సార్, ముందు మీరు తీసుకోండి.”

సారు తిన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సెలియా ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ, ఆవిడ తిరిగి వెళ్లి మిగతా ముక్కలు కోయడానికి కాస్త సమయం పట్టింది.

ఎందుకు చేసిందంటే ఏం చెబుతాం. ఇంట్లో మొదటి డికాక్షన్ కాఫీ అత్తగారికి, తర్వాత మొగుడు మధుబాబుకు, ఆ తర్వాత కూతురికి. తనకు మిగిలిన పిప్పి మీద ఇంకోసారి నీళ్లు పోసి దింపిన కాఫీ. లైన్ మీద టీ వస్తే ముందు సూపర్‌వైజర్‌కు, తర్వాత ఆపరేటర్లకు. ఎవరూ ఆజ్ఞ వేయలేదు. వాళ్ల నాన్న తణుకు నుంచి పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడ క్వార్టర్స్‌లో కాపురం పెట్టినప్పుడు, పరాయి ఊళ్లో ఉన్నాం, నలుగురికీ పెట్టాక మనం తినాలి అని పిల్లలకు నేర్పాడు. ఆ పరాయి ఊరు సొంత ఊరై నలభై ఏళ్లు దాటింది. నేర్పింది మాత్రం చేతుల్లో ఉండిపోయింది.

షిఫ్టు మధ్య టీ దగ్గర నర్సింహ పట్టుకున్నాడు. “అక్కా, గా దినం క్లాసుల నన్ను చూసి నవ్వితిరి. ఇయాల నువ్వేం జేసినవ్?”

“చేతులే ఇచ్చేశాయి నర్సింహా.”

“చేతులకేం ఎరుక? నువ్వన్న ఆపొద్దా?”

ఆమె చేతిలోని టీ చల్లారిపోయింది.

గురువారం పొద్దున సెలియా ఫైళ్ల కోసం అంకితను పిలిచింది. మధ్యాహ్నం పని ఎక్కువుందని క్యాంటీన్‌కు రాలేదు, పళ్లు రెండు తెప్పించుకుని గదిలోనే తిన్నది. రెండు వంతుల బొబ్బర్లు కమలాకుమారి ఒక్కతే తిన్నది, పారేయడం ఆమెకు చేతకాదు. అలసట అప్పుడు మీద పడింది. నాలుగు రోజుల అలసట కాదు, మొత్తం పంతొమ్మిదేళ్లది. సీటు పోయిందనే అనుకుంది. పోతే పోయిందిలే అని పైకి అనుకుంది గానీ, లోపల ఏడుపు ఆగలేదు.

మూడింటికి చంద్రకాంత్ గదికి రమ్మని కబురు. అంకిత లైన్ దగ్గర శాంపిల్ డబ్బాలు సర్దిస్తోంది కాబట్టి, సారు మాట సెలియాకు, సెలియా మాట సారుకు చెప్పేందుకు కమలాకుమారే దిక్కు. తన సీటు సంగతి తన నోటితోనే అటూ ఇటూ మోయాలి. ఇంతకంటే ఎగతాళి ఉంటుందా.

ఇద్దరిలో ఎవరైతే బాగుంటుందో అడగమన్నాడు సారు. ఆమె అడిగింది. సెలియా కళ్లద్దాలు తీసి గొలుసుకు వదిలేసింది. ఇద్దరూ పనికొస్తారన్నది. అంకిత వేగంగా మాట్లాడుతుంది, నువ్వు అర్థం చెడకుండా మాట్లాడతావన్నది. తర్వాత గొంతు తగ్గించి, నిన్న నేను నీకిచ్చింది నువ్వు నా ఎదురుగానే ఇంకొకరికి ఇచ్చేశావు, నాకు బాధ వేసింది, ఈ పని కూడా అలాగే ఇచ్చేస్తావేమో నాకు తెలియదు, అందుకే నిన్నే అడుగుతున్నాను, నీకిది కావాలా అన్నది.

“కేరు,” అన్నది కమలాకుమారి. కావాలి అని దానికి అర్థం. ఆ భాషలో ఆ మాట అంత తేలిగ్గా వచ్చేసరికి ఆమే ఆశ్చర్యపోయింది. చాలా కావాలి అని మళ్లీ అన్నది. నాకు నిద్ర కావాలి అని కూడా అన్నది. ఆ భాషలో ఆమెకు అత్తగారు లేరు, సూపర్‌వైజర్ లేడు, నాన్న లేడు.

“ఏమంటున్నదమ్మా?” అన్నాడు చంద్రకాంత్.

కమలాకుమారి ఆయన వైపు తిరిగింది. తిరగడంతోనే తెలుగు వచ్చేసింది, తెలుగుతో పాటు అన్నీ వచ్చేశాయి.

“ఇద్దరూ బానే ఉన్నారంటున్నారు సార్. నన్నడిగారు. మీరెలా అంటే అలా అన్నాను.”

సారు ముఖం విప్పారింది. “మంచి మాట. అయితే అంకితను పెడదాం. చిన్నపిల్ల, జల్దీ నేర్చుకుంటది. నీకు షిఫ్టులు అలవాటే గదమ్మా. ఇగ చెప్పు ఆమెకు.”

కమలాకుమారి సెలియా వైపు తిరిగింది. చెప్పాల్సిన వాక్యం నోట్లో సిద్ధంగా ఉంది, ఒక్క తప్పు లేదు. సెలియా ఎదురుచూస్తోంది. అలవాటే గదమ్మా అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. ఈ నాలుగు రోజులూ మిషన్ గురించి, తేమ గురించి, డబ్బా అంచు గురించి ఎవరేమన్నా ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్క అంకె మార్చలేదు. తప్పుగా చెప్పింది ఒక్క తన మాటే.

“సార్,” అన్నది. “నేను మీకు తప్పు చెప్పాను. ఆవిడతో నేనన్నది అది కాదు. నాకు కావాలి అన్నాను. చాలా కావాలి అన్నాను.”

చంద్రకాంత్ కుర్చీలో కాస్త ముందుకు జరిగాడు. “మరి నాతోని గట్లెందుకు చెప్పినవ్?”

“మీతో చెప్పడం రాలేదు సార్.”

సారు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చూద్దాంలే అమ్మా అన్నాడు. సెలియా ఆయన ఏమన్నాడని అడిగింది. చూద్దాం అన్నారని చెప్పింది కమలాకుమారి. సెలియా నవ్వింది. మా దగ్గర కూడా మనిషిని సాగనంపాలంటే ఇదే అంటారు, ఏ రోజో, ఎన్నింటికో అడుగు అన్నది.

అది తన మాట కాదు, సెలియా మాట. మోసేది తను. అందుకని అడగగలిగింది.

“ఏ రోజు, ఎన్నింటికి అని అడుగుతున్నారు సార్.”

చంద్రకాంత్ సెలియా వైపు చూశాడు, కమలాకుమారి వైపు చూశాడు, చివరికి గోడ మీది క్యాలెండర్ చూశాడు. “సోమవారం,” అన్నాడు. “పదింటికి.”

ఆమె ఆ రెండూ పోర్చుగీసులోకి మార్చి చెప్పింది. సెలియా లేచి ఆమె రెండు చెంపలకూ చెంపలు ఆనించి, కళ్లద్దాలు పెట్టుకుని తన కాగితాలు సర్దుకుంది.

శుక్ర శనివారాలు రెండింటి షిఫ్టు మామూలే, ఎవరూ తగ్గించలేదు. శనివారం గేటు దగ్గర అంకిత కనిపించింది. కమలాకుమారికి తలెత్తి చూడాలంటే బెరుకు వేసింది. కోపమా అని అడిగింది.

“కొంచెం ఉంది ఆంటీ,” అన్నది అంకిత. “మీరు అడుగుతరని అనుకోలే.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “నేనైతే కేకు తింటుంటి.”

సోమవారం పొద్దున నాలుగింటికే మెలకువ వచ్చింది. ఎనిమిది దాకా పడుకోవచ్చు, ఒళ్లు వింటేగా. అటూ ఇటూ దొర్లి ఐదింటికి లేచి వంటింట్లోకి వెళ్లింది. ఫిల్టర్‌లో డికాక్షన్ చిక్కగా దిగింది. పాలు కాచి, చేతి అలవాటున అత్తగారి గ్లాసు తీసి, అందులో మొదటి కాఫీ కలిపింది. గ్లాసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చి, పీట వాల్చుకుని కూర్చుని, ఆ కాఫీ తనే తాగింది. మెల్లగా, చివరి గుక్క దాకా.

ముత్తంగి గోదాముకు వెళ్లాల్సిన మధుబాబు కళ్లు నులుముకుంటూ వచ్చాడు. ఖాళీ గ్లాసుతో కూర్చున్న పెళ్లాన్ని చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. అమ్మకు కాఫీ ఇచ్చావా అని కూడా అడిగాడు.

“లేదండీ, మొదటిది నేను తాగేశాను,” అన్నది కమలాకుమారి. “ఉండండి, మీకూ కలుపుతాను.”